ఆ ఇంటికి ఉత్తరం రాయకండి

ఆడవాళ్ళని ఉద్ధరిద్దామని నేను ఈ ఉద్యోగంలో చేరలేదు. బ్రిస్బేన్ వచ్చిన కొత్తలో ఇంట్లో కూర్చోలేక చేరాను. మా ఆయన ప్రసాద్ వైటూకే కాంట్రాక్టు మీద వచ్చాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మాలాంటి కుటుంబాలు చాలా ఆస్ట్రేలియా చేరాయి. మా సెంటర్లో మాత్రం ఎవరికీ ఆ భయం లేదు. ఉన్నది ఒకటే కంప్యూటర్, అది అప్పటికే ఆగిపోయింది.

సెంటర్ అంటే సన్నీబ్యాంక్ అనే పేట దగ్గర ఒక పళ్ళ కొట్టు పైన రెండు గదులు. వేరే దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇంట్లో దెబ్బలు తింటుంటే వాళ్ళకి సాయం చేయడం మా పని. నేను పదవీ విరమణ చేసి కొన్నేళ్ళయింది. ఈమధ్య ఇదే పనిలో చేరిన ఇద్దరు తెలుగు అమ్మాయిలు, ఒకరు టార్నీట్ నుంచి, ఇంకొకరు గంగాలిన్ నుంచి, ఫోన్ చేసి, "ఆంటీ, ట్రైనింగ్‌లో చెప్పనివి ఏమైనా ఉంటే చెప్పండి" అన్నారు. ట్రైనింగ్‌లో అన్నీ చెప్తారు. నేను చేసిన తప్పులు మాత్రం చెప్పరు. అవి రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో సంభాషణలు చాలావరకు ఇంగ్లీషులో జరిగాయి. నాకు తెలుగులో గుర్తున్నాయి కాబట్టి అలాగే రాస్తున్నాను.

నెనా, మౌరీన్

మా బాస్ పేరు మౌరీన్. అరవై ఏళ్ళ ఆస్ట్రేలియన్. పూర్వం ఆసుపత్రి వార్డుల్లో హెడ్ నర్సు. ఎవరేం చెప్పినా మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. మొదట్లో ఆవిడకి దయ లేదనుకున్నాను. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినాలంటే మన మొహం అడ్డు రాకూడదని నాకు తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది.

నెనా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. పొద్దున ఆసుపత్రి లాండ్రీలో పని, మధ్యాహ్నం మా సెంటర్లో పని, ఆదివారం చర్చిలో పాట. వాళ్ళ భాషలో అక్కని 'ఆతే' అంటారు. ఊళ్ళో ఉన్న ఫిలిపినో ఆడవాళ్ళందరికీ ఆవిడ ఆతే నెనా. నాకూ అంతే. ఆవిడ ఉండబట్టే మా దగ్గరికి ఫిలిపినో ఆడవాళ్ళు వచ్చేవారు. ఇక్కడి మగవాళ్ళని పెళ్ళి చేసుకుని, అత్తామామా అక్కాచెల్లీ ఎవరూ లేని చోటికి వచ్చిన మనుషులు. దెబ్బ తగిలితే చెప్పుకోవడానికి పక్కింటి మనిషి కూడా అర కిలోమీటరు దూరంలో ఉండేది.

చర్చిలో ప్రార్థన అయ్యాక వంటగదిలో కప్పులు కడగడం వాళ్ళకో అలవాటు. భర్తలు బయట కార్లలో కూర్చుని పేపరు చదువుకునేవారు. కప్పులు కడిగే చోటికి మగవాళ్ళు రారు. నెనా ఆఫీసు నిజానికి అదే. నేను అక్కడికి తువ్వాలు పట్టుకుని వెళ్ళేదాన్ని.

మారిసెల్‌ని నేను మొదట అక్కడే చూశాను. ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో హైస్కూల్లో లెక్కల టీచరు. గ్యారీ అనే ట్రక్కు మెకానిక్‌తో ఉత్తరాల స్నేహం పెళ్ళిదాకా వచ్చి, ఊరి చివర అయిదెకరాల స్థలంలో కాపురం పెట్టింది.

"పదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను," అంది కప్పు తుడుస్తూ. "ఇప్పుడు షాపులో ఏ సబ్బు తీసుకోవాలో ఆయన చెప్తాడు."

"కొడతాడా?" అని నెనా మామూలుగా అడిగింది, చక్కెర ఉందా అని అడిగినట్టు.

"అప్పుడప్పుడు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, గవర్నమెంటు నిన్ను విమానం ఎక్కించేస్తుంది అంటాడు."

నా ఉత్తరం

నేను ఇండియాలో మచిలీపట్నంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో టపా సెక్షన్ చూసేదాన్ని. అక్కడ ఉత్తరం వెళ్తేనే పని జరిగినట్టు. మారిసెల్ మాటలు విన్న మర్నాడే ఒక లాయరు దగ్గర గురువారం పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆ సంగతి తెలియజేస్తూ చక్కటి చేతిరాతతో ఉత్తరం రాసి, సెంటర్ కవర్లో పెట్టి, ఆ రోజు టపాలోనే వేశాను. ఆలస్యం లేకుండా పంపినందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

గురువారం మారిసెల్ రాలేదు. ఆదివారం చర్చికి రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు.

మౌరీన్ నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"కవరు మీద మన పేరుందా?"

"ఉంది."

"మొత్తం పేరా?"

"మొత్తం."

మా సెంటర్ పేరు చాలా పొడవు. అందులో 'గృహహింస' అనే మాట కూడా ఉంది.

మౌరీన్ ఫోన్ దగ్గరికి లాక్కుంది. పోలీసులకి ఫోన్ చేసి ఆ ఇంటికి వెళ్ళి చూసి రమ్మంది. ఒక ఆఫీసరు వెళ్ళాడు. గ్యారీ ఆయనకి టీ ఇచ్చాడట. మారిసెల్ చేతికి పిండికట్టు ఉంది. వరండా మెట్ల మీద పడ్డానని గ్యారీ వెనక నిలబడి చెప్పిందట. ఆఫీసరు అదే రాసుకుని వచ్చేశాడు.

నాకు ఏడుపొచ్చింది.

"ఏడువు," అంది మౌరీన్. "అయిదు నిమిషాలు. తర్వాత ఏం చెయ్యాలో ఆలోచిద్దాం."

నెనా నన్ను తిట్టలేదు. తిడితే కాస్త తేలికయ్యేదాన్ని. "ఆ చెయ్యి విరగ్గొట్టింది వాడు," అంది. "ఉత్తరం వేసింది నువ్వు. రెండూ గుర్తుపెట్టుకో. మొదటిది మర్చిపోతే ఈ పని చెయ్యలేవు. రెండోది మర్చిపోతే చెయ్యకూడదు."

ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకలేదు.

పుట్టినరోజు

ఆ శనివారం పొద్దున నెనా ఫోన్ చేసి, "తయారవ్వు, మారిసెల్ పుట్టినరోజుకి వెళ్తున్నాం," అంది.

"ఆవిడ పుట్టినరోజు ఇవాళా?"

"కాదు. అక్టోబరులో అయిపోయింది."

"మరి ఆయన పట్టుకోడా ఆతే?"

"గ్యారీకి ఆ సంగతి తెలిసుంటే మనకి ఇంత పని ఎందుకు?"

నాలుగు కార్లలో పద్నాలుగు మంది వెళ్ళాం. వాళ్ళ పుట్టినరోజులకి నూడుల్స్ వండుతారు, పాన్సిట్ అంటారు. పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆయుష్షు పెరుగుతుందట. అల్యూమినియం ట్రేల్లో అవి, పైన రేకు కాగితం, ఒక కారులో పాటలు పాడుకునే కరావోకే మెషిన్. గ్యారీ తలుపు తీశాడు. పద్నాలుగు మంది ఒక్కసారే "హ్యాపీ బర్త్‌డే" అన్నాం.

అతను వెనక్కి తిరిగి మారిసెల్‌ని చూశాడు. మారిసెల్ నేల చూసింది. పెళ్ళాం పుట్టినరోజు తెలియదని పద్నాలుగు మంది ముందు ఏ మగవాడు ఒప్పుకుంటాడు? "రండి, రండి, నేనే పిలుద్దామనుకున్నా," అన్నాడు. ట్రేలు లోపలికి మోయడానికి సాయం కూడా చేశాడు.

ఇక్కడో సంగతి. గ్యారీ చూడటానికి మంచివాడు. మాట మెత్తన. నా టీలో చక్కెర ఎంత వెయ్యాలో అడిగి కలిపాడు. ఇలాంటివాళ్ళు రాక్షసుల్లా కనిపిస్తారనుకుంటే మీరు ఈ ఉద్యోగంలో ఎవరినీ గుర్తుపట్టలేరు.

హాల్లో పాటలు మొదలయ్యాయి. ఫిలిపినో ఆడవాళ్ళు పాడితే పక్క గదిలో ఏం మాట్లాడినా వినిపించదు. నేను వంటగదిలో మారిసెల్ పక్కన నిలబడ్డాను.

"ఆ ఉత్తరం రాసింది నేనే," అన్నాను.

"తెలుసు," అంది. "చేతిరాత బావుంది. గురువారం అన్నచోటిదాకా చదివాను, ఈలోపు లాక్కున్నాడు."

ఆవిడే ఒక గిన్నె నా చేతికిచ్చి తుడవమంది.

వీసా సంగతి చెప్పాను. భర్త కొట్టడం వల్ల ఇల్లు వదిలిన మనిషి ఈ దేశంలో ఉండటానికి చట్టంలో దారి ఉందని, ఒక్క ఫోన్‌తో విమానం ఎక్కించే అధికారం గ్యారీకి లేదని. ఆవిడ నమ్మలేదు. ఎవరు రాశారు ఆ చట్టం, ఏ కాగితాలు కావాలి, ఎంతకాలం పడుతుంది, కుదరదంటే ఏమవుతుంది అని వరసగా అడిగింది. లెక్కల టీచరు కదా, జవాబు చెప్తే చాలదు, ఎలా వచ్చిందో చూపించాలి.

"మరి ఇప్పుడే వచ్చెయ్యి. కారు బయటే ఉంది," అన్నాను.

"ఇప్పుడు కాదు."

నేను ఇంకేదో అనబోయాను. ట్రే కోసం వచ్చిన నెనా నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు కాదు అంది," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో నేను కోపంగానే ఉన్నాను. మళ్ళీ కొడితే ఎవరిది బాధ్యత అన్నాను. నెనా సిగ్నల్ దగ్గర కారు ఆపి నావైపు తిరిగింది. "సబ్బు దగ్గర్నుంచి అన్నీ వాడే చెప్తున్నాడు ఆమెకి. ఎప్పుడు రావాలో ఇప్పుడు నువ్వు చెప్తావా?" అంది.

ఆ రోజు ఖాళీ ట్రేల్లో ఒకదాని అడుగున, రేకు కాగితం కింద, మారిసెల్ టీచర్ సర్టిఫికెట్టు వచ్చింది.

శనివారాలు

ఆ తర్వాత ప్రతి రెండో శనివారం చర్చి పాటల ప్రాక్టీసు మారిసెల్ ఇంట్లోనే. వరండా పెద్దదని నెనా గ్యారీతో చెప్పింది. అతనికి ఆ సందడి నచ్చింది. ఒక పాట కూడా నేర్చుకున్నాడు. వెళ్ళిన ప్రతిసారీ ట్రేలు ఖాళీ అయ్యేవి కానీ ఖాళీగా వచ్చేవి కావు. డిగ్రీ కాగితాలు, వాళ్ళమ్మ ఫోటో, ఒక్కొక్క జత బట్టలు, చెయ్యి చూసిన డాక్టరు ఇచ్చిన చీటీ. పాస్‌పోర్టు మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. "దాని కోసం ఆగొద్దు," అంది మౌరీన్. "పాస్‌పోర్టు ఇంకోటి వస్తుంది."

ఈలోపు ఇంకో తలనొప్పి. ఫిలిపినో సంఘం అధ్యక్షుడు సాంటోస్ సెంటర్‌కి వచ్చాడు. రిటైరైన ఇంజనీరు, టై లేకుండా బయటికి రాని మనిషి. గౌరవంగానే మాట్లాడాడు.

"ఆతే నెనా, మీరు చేసేది మంచిపనే. కానీ పేపర్లవాళ్ళు మన ఆడపిల్లల్ని ఇప్పటికే క్యాటలాగులో కొన్న పెళ్ళాలంటున్నారు. ఇదంతా బయటపడితే మన పరువేమవుతుంది?"

"పరువు తీస్తున్నది కొట్టేవాడా, చెప్పుకునే మనిషా?"

"నేను ఆ మాట అనలేదు."

"సరే. సంఘం ఏటా పెట్టే మన డిన్నర్ డాన్సులో నాకు రెండు నిమిషాలు మైకు ఇవ్వండి."

"అది పండగ. అక్కడ వద్దు."

నెనా వాదించలేదు. డిన్నర్ డాన్సు రోజున ఆడవాళ్ళ టాయిలెట్ తలుపులకి లోపలివైపు చిన్న కాగితాలు అంటించాం. మా ఫోన్ నెంబరు, అంతే. సెంటర్ పేరు లేదు. చింపుకుని చెప్పులో పెట్టుకునేంత చిన్న ముక్కలు. పండగ అయ్యేసరికి సగం కాగితాలు లేవు. అందరూ వెళ్ళాక నెనా ఆ తలుపుల్ని సాంటోస్‌కి చూపించింది. ఆయన ఆ తలుపు వంక చాలాసేపు చూసి, టై సర్దుకుని వెళ్ళిపోయాడు.

జనవరి వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ప్రసాద్ కొంచెం నిరాశపడ్డాడనే చెప్పాలి.

మాలో లేవు

నా రెండో తప్పు చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. ఒక మీటింగులో నెనా అడిగింది: "మీ తెలుగువాళ్ళ నుంచి ఎవరూ రారేం?"

"మాలో అలాంటివి లేవు," అన్నాను. నిజంగానే అనుకున్నాను. మావాళ్ళు చదువుకున్నవాళ్ళు, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు, శనివారం పార్కులో బార్బెక్యూ, ఆదివారం ప్రార్థన.

నెనా తన పుస్తకంలో ఏదో రాసుకుంది. తొంగి చూశాను. 'తెలుగు: ఇంకా ఎవరూ ఈమెకి చెప్పలేదు' అని ఉంది.

నాకు కోపం వచ్చింది. రెండు నెలల తర్వాత ఒక ఇంట్లో ప్రార్థన కూటం అయ్యాక గిన్నెలు తోముతుంటే, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి పక్కన నిలబడింది. భర్త మంచి కంపెనీలో ప్రోగ్రామర్.

"అక్కా, మీ ఆఫీస్‌లో ఓన్లీ ఫిలిపినో వాళ్ళనే చూస్తారా? మనవాళ్ళని కూడా చూస్తారా?"

"అందర్నీ చూస్తాం. ఎవరికమ్మా?"

"ఎవరికీ కాదక్కా. జస్ట్ ఊరికే అడిగా."

నేను ఇంకేమీ అడగలేదు. తోమిన గిన్నె తీసి మళ్ళీ తోమాను. ఆ అమ్మాయి కూడా ఇంకో గిన్నె తీసుకుంది. ఆ రోజు ఉన్న గిన్నెలన్నీ ఇద్దరం రెండేసి సార్లు తోమాం. రెండోసారి సగంలో ఆ అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె కథ ఆమెది, ఇక్కడ రాయను. నెనా పుస్తకంలో ఆ లైను నేనే కొట్టేశాను.

మారిసెల్ సంగతి చెప్తున్నానని మేం ప్రతిసారీ గెలిచామనుకోకండి. ఒకామె నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లు తిరిగి వెళ్ళింది. అయిదోసారి మేం ఫోన్ చేస్తే ఆ నెంబరు లేదని రికార్డింగ్ వచ్చింది. ఇంటికి వెళ్తే వేరేవాళ్ళున్నారు. ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. మౌరీన్ రిటైరయ్యేదాకా ఆమె ఫైలు మూయలేదు.

కోర్టు వరండా

మార్చిలో ఒక శనివారం వంటగదిలో మారిసెల్ నెనాతో, "ఇవాళ," అంది.

ట్రేలు కారులో పెట్టడానికి వెళ్ళిన మనిషి కారులోనే కూర్చుంది. నెనా కారు కదిలించింది. ఇల్లు ఒక్కసారి నిశ్శబ్దమైతే అనుమానం వస్తుందని మేం అయిదుగురం ఉండిపోయి ఇంకో రెండు పాటలు పాడాం. నేను జీవితంలో మైకు పట్టుకుని పాడిన రోజు అదొక్కటే. ఏ పాటో గుర్తులేదు. మారిసెల్ ఏదని గ్యారీ అడిగితే, చర్చిలో గిన్నెలు సర్దడానికి నెనాతో వెళ్ళిందన్నాం. సరేనని, కరావోకే మెషిన్ తనే మోసి మా కారులో పెట్టాడు. బరువు కదా, జాగ్రత్త అన్నాడు.

అతను ఆమె దగ్గరికి రాకూడదనే ఉత్తర్వు కోసం కోర్టుకి వెళ్ళాం. చాలామంది కేసు వదులుకునేది కోర్టు గదిలో కాదు, బయట వరండాలో. ఒక బల్ల మీద ఆమె, ఎదురుగా అతను. అతను ఏమీ అనక్కర్లేదు, చూస్తే చాలు. నేను అలా లేచి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను.

ఆ రోజు తొమ్మిది గంటలకే ఇరవైమందికి పైగా ఫిలిపినో ఆడవాళ్ళు ఆదివారం బట్టల్లో వచ్చి వరండాలో ఉన్న కుర్చీలన్నిటిలో కూర్చున్నారు. పనికి సెలవు పెట్టి కొందరు, షిఫ్టు దిగి నేరుగా కొందరు. మధ్యలో మారిసెల్. గుమస్తా కంగారుగా వచ్చాడు.

"ఇంతమంది సాక్షులా?"

"కాదండీ," అంది నెనా. "కూర్చోడానికి వచ్చాం."

గ్యారీ వచ్చి చూశాడు. కుర్చీ లేదు. గోడ పక్కన నిలబడ్డాడు. పది నిమిషాల తర్వాత సాంటోస్ వచ్చాడు, టై కట్టుకుని. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయనకీ కుర్చీ లేదు. ముగ్గురు నలుగురు లేవబోతే వద్దని చెయ్యి చూపించి, వెళ్ళి గ్యారీ పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గ్యారీ ఆయనతో అన్నాడు: "మీరు వీళ్ళ పెద్ద కదా. మీ ఆడవాళ్ళకి కాస్త చెప్పండి."

సాంటోస్ అతని వైపు తిరిగాడు. "మా ఆడవాళ్ళకి చాలాసార్లు చెప్పాను," అన్నాడు. "అదే నా తప్పు. చెప్పాల్సింది మీకు."

పిలుపు వచ్చేదాకా రెండు గంటలు ఇద్దరూ అలా పక్కపక్కన నిలబడే ఉన్నారు. మారిసెల్ ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు.

ఉత్తర్వు వచ్చింది. వీసా రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది, దానికి మళ్ళీ కాగితాలు, మళ్ళీ ప్రశ్నలు. ఆ తర్వాత ఒక స్కూల్లో చేరింది, మొదట సహాయకురాలిగా, ఆ తర్వాత మళ్ళీ లెక్కల టీచరుగా. సాంటోస్ ఆ ఏడు డిన్నర్ డాన్సులో నెనాకి మైకు ఇచ్చాడు. ఆవిడ రెండు నిమిషాలు అడిగి ఇరవై నిమిషాలు మాట్లాడింది.

కానీ ఉత్తర్వు వచ్చిన రోజు కోర్టు బయట జరిగింది చెప్పి ఆపుతాను. ఎండ మండిపోతోంది. అందరం ఎక్కడ తిందామా అని మాట్లాడుకుంటుంటే మారిసెల్ రోడ్డు అవతల బస్ స్టాపు వంక చూస్తూ, "ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?" అంది.

"నీకెక్కడికి వెళ్ళాలి?" అన్నాను.

"ఎక్కడికీ కాదు. ఈ దేశం వచ్చి మూడేళ్ళయింది, ఒక్కదాన్నే ఎప్పుడూ బస్సెక్కలేదు."

నేనొస్తానని ముగ్గురు అన్నారు. వద్దంది. బస్సు వచ్చింది. డ్రైవర్ని ఏదో అడిగింది, ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఇరవైమంది ఆడవాళ్ళం, ఆదివారం బట్టల్లో, ఆ స్టాపులో నిలబడ్డాం. తిందామన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

గంట దాటాక అవతలివైపు బస్సు ఆగింది. మారిసెల్ దిగి, రెండు వైపులా చూసి రోడ్డు దాటి వచ్చింది.

"ఎలా ఉంది?" అని అడిగింది నెనా.

"చివరి స్టాపులో అందర్నీ దిగమన్నాడు," అంది. "దిగాను. మళ్ళీ ఎక్కాను."